మృదుశాలలో మేలుబంతి

నాలుగో గదిలో అమ్మాయి ‘లేదు’ అనబోయింది. గొంతుపట్టీ ఆ మాటను గొంతులోనే పట్టుకుని, ‘పరిశీలనలో ఉందండీ’ అని మార్చి బయటికి పంపింది. అరుంధతి తన తెర మీద అర మార్కు కోసింది. పట్టీ సర్దాల్సి వచ్చిందంటే మనిషిలో కరుకు ఇంకా మిగిలి ఉందని లెక్క. మూడో ఏడాదికి వచ్చేసరికి పట్టీతో పని పడకూడదు, మెత్తదనం లోపలినుంచే రావాలి.

విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు రసాయనశాస్త్రం చెప్పిన అంతస్తును పెద్ద కంపెనీలు కలిసి కట్టిన కూటమి తీసుకుని మృదుశాలగా మార్చింది. నలభై గదులు, గదికొక విద్యార్థి, అతని చెవిలో ఒక గొంతు. ఆ గొంతు ప్రతిపాత్రది, అంటే యంత్రం అల్లిన మనిషిది. సరుకు పగిలిందని మండిపడే కొనుగోలుదారు, పని పోయిన డ్రైవరు, కొడుకు జాడ తెలియని తల్లి. ఎవరు వచ్చినా విద్యార్థి పన్నెండు నిమిషాలు నొప్పించకుండా మాట్లాడి, ఏమీ చెప్పకుండా ఫోను పెట్టెయ్యాలి. చదువంటే అదే. ఏడుస్తున్న మనిషికి పన్నెండు నిమిషాలు ఏమీ చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

తొమ్మిదేళ్ళుగా అరుంధతి అక్కడ మార్కులు వేస్తోంది. నిఖార్సైన చెయ్యి అని పేరు, అంటే పిసినారి చెయ్యి అని. తొంభై ఆరు దాటి ఎవరికీ వేసిన పాపాన పోలేదు.

ఆ రోజు ఆమె కళ్ళు ఏడో గది మీదే ఉన్నాయి. అక్కడ కూర్చున్న మొగిలికి ఇది మూడో పరీక్ష, ఇదే ఆఖరిది. ఈసారీ తప్పితే అతని పేరు కరుకు జాబితాకు ఎక్కుతుంది. కూటమిలో ఏ కంపెనీ గడపా తొక్కనివ్వదు. కూటమిలో లేని కంపెనీ రాష్ట్రంలో ఎక్కడైనా ఉందో లేదో ఎవరికీ తెలియదు. మొదటి రెండుసార్లూ అవతలి గొంతు ఏడ్చేసరికి నిజం చెప్పబోయి మునిగాడు. రెండుసార్లూ తప్పాడని మార్కులు వేసింది అరుంధతే. పొద్దున పట్టీ కట్టేటప్పుడు, అవతల ఉన్నది బొమ్మ అని పదిసార్లు అనుకొమ్మని చెప్పి పంపింది. ఆమె కూడా రోజూ అదే అనుకునేది.

ఏడో గదికి వచ్చిన గొంతు పేరు పోశవ్వ. భర్త కనకయ్య కూటమివారి శీతల గిడ్డంగిలో మూటలు మోస్తాడు. నిన్న పొద్దున పనికి పోయినవాడు ఇంటికి రాలేదు. మొగిలి తెర మీద కనకయ్య సంగతి ఒక్క వరుసలో ఉంది: గిడ్డంగి తలుపు బిగుసుకుపోయింది, తెల్లారి చూస్తే ప్రాణం లేదు. దాని కింద ఎర్ర అక్షరాల్లో, వెల్లడించరాదు.

తొమ్మిది నిమిషాలు మొగిలి చక్కగా నెట్టుకొచ్చాడు. మీ ఆందోళన అర్థమైందన్నాడు, సంబంధిత విభాగం చూస్తోందన్నాడు, మీ ఓపికకు కృతజ్ఞతలన్నాడు. తెర మీద తొంభై రెండు కనిపించి అరుంధతి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు పోశవ్వ ఏడవలేదు, అరవలేదు. నువ్వు చెప్పేది నాకేం సమజైతలేదని మాత్రం అంది.

“ఎసట్ల బియ్యం పోస్తున్న బిడ్డా. ఇద్దరికి పొయ్యాల్నా, నా ఒక్కదానికేనా? గదొక్కటి చెప్పు, ఫోన్ పెట్టేస్త.”

మొగిలి మెడ మీది పట్టీని వేళ్ళతో తడమడం అద్దంలోంచి అరుంధతికి కనిపించింది. చనిపోయాడనే మాట పట్టీ దాటదని అతనికి తెలుసు.

“పొయ్యి ఆర్పెయ్యి అవ్వా,” అన్నాడు. “ఇయ్యాల మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దు.”

శవం లేచేదాకా చావు ఇంట్లో పొయ్యి వెలిగించరన్న సంగతి పట్టీ చేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అతని మాటల్లో నిషిద్ధమైనది ఒక్కటీ లేదు. అవి అలాగే దాటిపోయాయి.

అవతల నీళ్ళు కుమ్మరించిన చప్పుడు, నిప్పులు చుయ్యిమన్న చప్పుడు. ఫోను పెట్టెయ్యడం మర్చిపోయి పోశవ్వ శోకం అందుకుంది. మక్కకంకులు కాల్చి పెట్టినవాడివని, జ్వరమొస్తే వీపున వేసుకుని దవాఖానకు మోసినవాడివని, పెళ్ళినాటినుంచి ఒక్కొక్కటే చెప్పి చెప్పి ఏడ్చింది.

ప్రతిపాత్రలకు ఉన్నవి పదహారు రకాల ఏడుపులు, అన్నీ అరుంధతికి కంఠతా వచ్చు. ఇది వాటిలో లేదు. ప్రతిపాత్రలు వంట చేసుకోవు. ఆమె పోశవ్వ పత్రం తెరిచింది. ప్రతిపాత్ర సంఖ్య ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ ఆమెకు కొత్త కాదు. రోజూ సగం పత్రాలు అలాగే వచ్చేవి. యంత్రం లోపమేమోలే అని తొమ్మిదేళ్ళుగా దాటేస్తూ వచ్చింది, ఎవరినీ అడగలేదు. అడగకపోవడం కూడా మెత్తదనమే కదా, ఎంత సిగ్గుమాలిన మెత్తదనమో ఇప్పుడు తెలిసింది.

మార్కు తేల్చలేకపోయాం, మీరే వేయండి అని తెర అడుగుతోంది. సున్నా వేస్తే మొగిలి పని అయిపోయినట్టే. యాభై వేస్తే గట్టెక్కుతాడు, ఎవరూ పట్టించుకోరు. నూరు వేస్తే మాత్రం ఆ సంభాషణ మేలుబంతి అవుతుంది. రోజూ నాలుగు గంటలకు పట్టీలను సరిచేసే శ్రుతివేళకు అన్ని విశ్వవిద్యాలయాల పట్టీలూ, కూటమి ఉద్యోగుల పట్టీలూ దాన్ని చూసి దిద్దుకుంటాయి. దాచాల్సిన జవాబు ఏదో పట్టీకి ఎప్పుడూ తెలుసు, తెలిస్తేనే కదా దాచగలదు. ఇకమీదట అడిగినవాళ్ళకు దాన్ని చెప్పడమే సరైన పద్ధతి అనుకుంటుంది. నూరు ఎవరూ వెయ్యరు కనుక ఆ నియమాన్ని ఎవరూ తీసెయ్యలేదు.

అరుంధతికి భయం వేసింది. భయపడుతూనే నూరు వేసింది. మొగిలిని బయటికి పిలిచి, పత్రంలో ఉన్న ఊరి పేరు చీటీ మీద రాసిచ్చి, ఇప్పుడే బస్సెక్కి పోశవ్వ దగ్గరికి వెళ్ళమంది. అతను ఆ చీటీ చదివి, ఆమె ముఖంలోకి ఒక్కసారి చూశాడు. అవతల ఉన్నది బొమ్మ కాదని అర్థమై మెట్లు దిగిపోయాడు.

నాలుగు దాటాక కూటమి సమన్వయకర్త నిరంజన్ తెర మీదికి వచ్చాడు. అంత మృదువైన మనిషి జిల్లాలో లేడు. ఉద్యోగం ఊడినవాళ్ళు కూడా అతనికి దండం పెట్టి వెళ్ళేవారు. నూరు పొరపాటున పడి ఉంటుందని, సరిదిద్దుకునే వీలుందని చెప్పసాగాడు. అరుంధతి మధ్యలో ఆపింది.

“పోశవ్వ నిజంగ ఉన్నదా సార్?”

పరిశీలిద్దాం అనడానికి అతని పెదవులు కదిలాయి. అతని పట్టీలోంచి “ఉంది,” అని వినిపించింది.

“సంఖ్య లేని పత్రాలన్నీ?”

“అన్నీ మనుషులే. మొదటి రోజునుంచీ.”

నిరంజన్ రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ పట్టీ చేసిన పనిని అతను తన మంచితనం అనుకున్నాడు కాబోలు. తెర ఆరిపోయింది.

అరుంధతి వెనక్కి తిరిగింది. గదుల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. లేడమ్మా అని ఒక గొంతు, ఆ పని ఇక రాదన్నా అని ఇంకొకటి, తప్పు మాదే అని మరొకటి. చెబుతున్నవాళ్ళు నవ్వుకుంటున్నారు. వాళ్ళకింకా అవతల ఉన్నవి బొమ్మలే. నూరు వేసేటప్పుడు పట్టీల గురించి, కూటమి గురించి ఆలోచించింది కానీ, ఈ పిల్లలు సంగతి తెలియకుండానే ఆ మాటలు అంటారని ఆమెకు తట్టలేదు. తన తల తానే బాదుకోవాలనిపించింది.

ఇరవయ్యో గది తలుపు తీసుకుని రవళి అనే అమ్మాయి తొంగిచూసింది. ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల పట్టీ మస్తు పనిజేస్తున్నది మేడమ్. మనుమడు ఎప్పుడొస్తడని ఒక ముసలాయన అడిగిండు, ఇగ రాడని ఒక్క ముక్కల చెప్పేసిన. ముసలాయన ఇంక ఏడుస్తనే ఉన్నడు. నాకెన్ని పడ్డయి?”

అరుంధతి ఆ గదిలోకి వెళ్ళి స్టూలు లాక్కుని రవళి పక్కన కూర్చుంది. ఇలాంటి మాట మెత్తగా ఎలా చెప్పాలో తొమ్మిదేళ్ళుగా ఆమె నేర్పిన చదువులో లేదు.

“మార్కుల సంగతి కాదు బిడ్డా. ఆయన బొమ్మ కాదు, మనిషి.”

రవళి పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, ఫోనులోకి వంగి, “తాతా,” అని పిలిచింది.