పూర్తికాని ఇంటి నీడ

"తప్పు గేమ్‌ది కాదు. మీదే."

ఆన్‌లైన్ గేమర్ల గ్రూపులో దర్శన్ పెట్టిన పోస్టు కింద వచ్చిన మొదటి జవాబు ఇది. చదవగానే అతనికి ఒళ్ళు మండింది.

పాపం, అతను అడిగింది సాయమే. విమానాలు నడిపే కంప్యూటర్ గేమ్‌లో తాముండే మారతహళ్ళి పేటను, పాత రోజుల్లో ఉన్నట్టు, తన చేతులతో కట్టుకున్నాడు. ఏర్‌పోర్టు దేవనహళ్ళికి తరలిపోక ముందటి మారతహళ్ళి అది. మిద్దెల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు, సందుల్లో కొబ్బరిచెట్లు, ఇళ్ళను ఒరుసుకుంటున్నట్టు దిగే విమానాలు. అన్నీ కుదిరాయి గాని నీడ ఒక్కటి కుదరలేదు. విమానం నీడ వాళ్ళ వీధి మీదికి రాగానే ముక్కలైపోయి వణికేది. ఒక్కోసారి అసలు కనిపించేదే కాదు. డ్రైవర్లు అప్‌డేట్ చేశాడు. సెట్టింగులు పెంచాడు, తగ్గించాడు. గేమ్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. చివరికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా కొన్నాడు. నీడకు మాత్రం చలిజ్వరం తగ్గలేదు.

ఇంత కష్టపడ్డవాణ్ణి పట్టుకుని తప్పు మీదే అంటే ఎవరికి మాత్రం మండదు? జవాబిచ్చిన మనిషికి పేరు కూడా లేదు, వీకే అని రెండక్షరాలు తప్ప. ఆ సాయంత్రమంతా ఇద్దరూ గ్రూపులో కొట్టుకున్నారు. మిగతా సభ్యులు పాప్‌కార్న్ బొమ్మలు పెడుతూ చోద్యం చూశారు. చివరికి వీకేనే ఓ మెట్టు దిగింది. తను గేమ్‌లు టెస్ట్ చేసే ఉద్యోగంలో ఉన్నాననీ, ఆదివారం కాల్‌లోకి వచ్చి స్క్రీన్ చూపిస్తే తప్పెక్కడుందో పట్టిస్తాననీ రాసింది.

ఆదివారం మధ్యాహ్నం హెడ్‌సెట్‌లో "హలో" వినబడగానే, దర్శన్ సిద్ధం చేసుకున్న తిట్లన్నీ మరిచిపోయాడు. వీకే అమ్మాయి అని అతను అనుకోలేదు మరి.

అతనికి తెలియని సంగతి మీకు ముందే చెప్పేస్తాను. వీకే అంటే వనజ, మేస్త్రీ కొండయ్య కూతురు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కళ్యాణదుర్గం నుంచి పనికొచ్చి, దర్శన్ వాళ్ళ పక్క స్థలంలో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఇల్లు లేస్తున్నంత కాలం ఆ కుటుంబం అక్కడే రేకుల షెడ్డులో ఉంది. పొద్దున పూట దిగే విమానాలకు నీడ ముందు వచ్చేది, విమానం వెనక వచ్చేది. వనజ సగం కట్టిన మిద్దె మీద, దర్శన్ తన మిద్దె మీద నిలబడేవాళ్ళు. నీడ ఎవర్ని ముందు తాకితే ఆ రోజు వాళ్ళు పైలట్. ఓడినవాళ్ళు ప్యాసింజర్, నోరు మూసుకుని కూర్చోవాలి.

నీడలు తూర్పు నుంచి వచ్చేవి, వనజ మిద్దె తూర్పున ఉండేది. అందుకని రోజూ దర్శనే ప్యాసింజర్. అయినా పందెం ఒక్కరోజూ మానలేదు. అప్పటికే పిల్లవాడి పరిస్థితి అలా ఉండేది.

ఇప్పుడు వనజ మారతహళ్ళిలో ఉద్యోగానికి వచ్చింది. నాన్న కట్టిన ఇంటిని వెతుక్కుంటూ వెళ్తే, అది లేడీస్ పీజీ హాస్టల్ అయి కనిపించింది. వెంటనే అందులోనే చేరింది. పక్కింటి గేటు దగ్గర దర్శన్ అవ్వ అక్కయమ్మ కనబడినా పలకరించడానికి మొహమాటపడింది. షెడ్డులో ఉండి వెళ్ళిపోయిన పిల్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారని అనుకుంది. ఓ రోజు పాత మారతహళ్ళి బొమ్మల కోసం నెట్‌లో వెతుకుతుంటే దర్శన్ పోస్టులో అతను కట్టిన వీధి దొరికింది. అందులో తన ఇల్లు ఇంకా సగంలోనే ఉంది. ఎందుకుంచాడో తెలుసుకోవాలనిపించింది. తను అతనికి గుర్తుందా లేదా అన్నదే ఆమెకు కావలసింది. నీడ గొడవ ఒక వంక.

మూడు ఆదివారాలు రిపేరు సాగింది. వనజ పద్ధతి తేలికైనదే, వీధిలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేసి నీడ చూడటం. చెట్లు తీయించింది, నీడ వణికింది. ట్యాంకులు తీయించింది, అప్పుడూ వణికింది. మధ్యలో అతను కాఫీ తాగితే ఆ చప్పుడు కూడా బగ్గే అంది. "మీ ఊర్లో కూడా వానేనా" అని అతను అడిగితే "ఆఁ, ఇక్కడా వానే" అని నవ్వు దాచుకుంది. పాత సామాను కొనేవాడి మైకు హెడ్‌సెట్‌లోనూ వీధిలోనూ ఒకేసారి మోగితే, ఆ బుద్ధిమంతుడు ఎకో అనుకుని మైక్ సెట్టింగులు మార్చాడు. కిటికీ తీసి చూస్తే సరిపోయేది. కానీ స్క్రీన్ మీద వెలుతురు పడుతుందని దానికి దుప్పటి కట్టి పెట్టాడు. గేమ్‌లో ఎండ చూసుకోవడానికి బయటి ఎండను ఆపినవాణ్ణి ఏమనగలం?

మూడో ఆదివారం సగం కట్టిన ఇంటిని ఆఫ్ చేయించింది. విమానం వచ్చింది. దాని నీడ చెక్కుచెదరకుండా, రెక్కలతో సహా మిద్దెల మీదుగా సాగిపోయింది.

"చూసినారా? ఆ ఇంటి స్లాబు కింద ఆనుగా మీరు పెట్టిన సెంట్రింగ్ కట్టెలు ఎన్ని ఉండాయో చూడండి," అంది వనజ. "గేమ్ నీడలన్నీ ఒకే బొమ్మలో చుక్కలతో గీస్తాది. చుక్క కన్నా సన్నగా ఉండే కట్టెను ఒకసారి గీస్తాది, ఒకసారి వదిలేస్తాది. అందుకే ఆ వణుకు. అన్ని కట్టెలకు గీసేసరికి విమానానికి చుక్కలే మిగలవు. కట్టెలు పీకేసి ఇల్లు పూర్తి చేయండి, సరిపోతాది."

 అది తప్ప ఏదైనా చేస్తానన్నాడు దర్శన్. నీడ వణికినా పర్వాలేదు, ఆ ఇల్లు అట్లాగే ఉండాలన్నాడు.

వనజ గొంతు తగ్గించి కారణం అడిగింది. "యాల?"

"ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి ఒక కూతురు ఉండె," అన్నాడు దర్శన్. "ఇల్లు పూర్తయింది, వాళ్ళు వేరే పనికి పోయిరి. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి షెడ్డు కూడా లేదు. ఆ పిల్లకి పోయొస్తానని చెప్పే టైమ్ కూడా లేకపోయె. ఇప్పుడు నా చేత్తో ఆ ఇల్లు పూర్తి చేస్తే, ఆ పిల్లను మళ్ళీ నేనే పంపించినట్టు ఉంటాదప్పా."

హెడ్‌సెట్‌లో వాన చప్పుడుతో పాటు వెక్కిళ్ళు వినబడ్డాయి. వనజ ఏడుస్తోంది. ఇన్నేళ్ళూ ఒకరికి తాను గుర్తున్నానన్న సంతోషం అది.

"కిటికీ తెరువు, దర్శన్."

అతను దుప్పటి లాగేశాడు. ఎదురుగా మూడంతస్తుల ఇల్లు, పిస్తా రంగు గోడలు, ఆరేసిన బట్టలు. రెండో అంతస్తు బాల్కనీలో, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, వానకు సగం తడిసిన ఒక అమ్మాయి.

"ఇల్లు పూర్తయిందనే కదా నేను పోయింది," అంది ఆమె. "పూర్తయిన ఇంట్లోకే మళ్ళీ వచ్చినా. నువ్వే కిటికీ మూసుకోని ఉండావు."

దర్శన్‌కు అప్పుడు దొరికింది ఒక్కటే మాట. "పైలట్," అన్నాడు. అది విని వనజ కన్నీళ్ళ మధ్యే పగలబడి నవ్వింది.

మరుసటి ఆదివారం ఆమె గేటు తీసుకుని తిన్నగా ఇంట్లోకి వచ్చింది. తనెవరో చెప్పగానే అక్కయమ్మ ఆమె గడ్డం పట్టుకుని, కొండయ్య పోలికలే అని మురిసింది. పిల్లలిద్దరూ మేడ మీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఈసారి దుప్పటి లేదు. కట్టెలు ఒక్కొక్కటే తీసేస్తూ దర్శన్ గోడలు నింపాడు. పిట్టగోడకు నాన్న సిమెంటుతో తీర్చిన తామరపువ్వులు మరిచిపోవద్దని వనజ పక్కనుంచి పోరుపెట్టింది. అవి సరిగ్గా కుదిరేదాకా ఒప్పుకోలేదు.

విమానాన్ని వదిలారు. నీడ ముందుగా వచ్చింది. ఏ చుక్కా చెదరకుండా కొండయ్య కట్టిన మిద్దెను తాకి, సందు దాటి, దర్శన్ మిద్దె మీదికి వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరూ కదలకుండా చూశారు. చిన్నతనం ఒకసారి వచ్చి పలకరించి వెళ్ళినట్టు అనిపించింది ఇద్దరికీ.

"నువ్వంటే నాకు ఇష్టం, వనజా," అన్నాడు దర్శన్. "అప్పుడు చెప్పేంత వయసు లేదు."

"ఇన్ని ఆదివారాలు నీ పాడు నీడను ఊరికే రిపేరు చేసిందా నేను?" అంది వనజ. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

తలుపు దగ్గర చక్కిలాల పళ్ళెంతో అక్కయమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట కాబట్టి ఇద్దరూ గతుక్కుమన్నారు. ఆమె తాపీగా పళ్ళెం బల్ల మీద పెట్టి, మీ నాయన ఇప్పుడెక్కడ పని చేస్తున్నాడని అడిగింది. అత్తిబెలె దగ్గర అని వనజ చెప్పింది.

"ఫోన్ చెయ్యి. మా మిద్దె మీద ఇంకో అంతస్తు వేయాల, తొందరగా రమ్మను."

"అద్దెకిచ్చేదానికా అవ్వా?" అంది వనజ, భయంభయంగా.

అక్కయమ్మ ఆమె తల నిమిరింది.

"ఈసారి పని అయినాక పోయేది మీ నాయన ఒక్కడే. నువ్వు ఈడనే ఉండాల."