బావగారు చెప్పిన జబ్బు

చిన్నకోడలు వంటగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది! ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది... అందరికంటే ముందు బావగారి నోరొచ్చింది. "కంగారేం లేదు, గ్యాసు!" అని తేల్చేశాడాయన. ఒకప్పుడు మందులకొట్టు నడిపిన పుణ్యాన ఆ ఇంట్లో ఆయన సగం డాక్టరు. మిగతా సగం కూడా తానేనని ఆయన నమ్మకం!

ఆసుపత్రికి ఎప్పటిలా ఆయనే తీసుకెళ్ళాడు. భర్తగారు సంచీ పట్టుకుని వెనకాలే నడిచి, డాక్టరు గది బయటే బెంచీ దగ్గర ఆగిపోయాడు; అన్నగారి ముందు ఆయనకి నోరు పెగలదు మరి! డాక్టరమ్మ బావగారిని చూసి చిరునవ్వు నవ్వింది.

"ఏమంటోందండీ మీ పేషెంటు?"

"తిండి సరిగ్గా తినదు, అసిడిటీ. పోయినసారి మందే కాస్త డోసు పెంచండి."

ఇద్దరూ సంబంధం కుదిరిన వియ్యాలవారిలా మందుల పేర్లు చెప్పుకుంటూ మురిసిపోయారు. రోగి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉందన్న సంగతి ఎవరికి పట్టింది?

ఆమెని తినేస్తున్నది గ్యాసు కాదు, భయం! బహిష్టులు ఆగిపోయిన ఇన్నేళ్ళకి మళ్ళీ రక్తం పడుతోంది... సిగ్గు చంపుకుని మొగుడికి చెబితే, "ఆ మాట అన్నయ్యతో ఎలా చెప్పనే?" అని తల గోక్కున్నాడు, ఘనుడు! ఇక బావగారి ఎదుట ఆమె ఎలా నోరు విప్పుతుంది?

డాక్టరమ్మ మందులచీటీ రాసి బావగారి చేతిలో పెట్టింది. అది చూసేసరికి చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, మీరు కాస్త బయటికెళ్ళండి."

"ఏం, నాకు తెలీని రోగమా?"

"మీకు తెలీదు కాబట్టే... వెళ్ళండి!"

తలుపు మూసుకున్నాక ఏడుస్తూ అంతా చెప్పేసింది. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"ఇన్నిసార్లొచ్చావు, ముందే చెప్పొద్దా అమ్మా?"

"నన్ను ఒక్కసారైనా అడిగారా మీరు? ఆయన్నడిగారు, ఆయనకే మందిచ్చారు!"

పరీక్ష చేశాక డాక్టరమ్మ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడింది. "గర్భసంచిలో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఆలస్యమైందో లేదో ఇప్పుడే చెప్పలేనమ్మా..."

బయట బావగారు ఎదురొచ్చాడు. "ఏమందో చెప్పు, నీకు అర్థమయ్యేలా నేను చెప్తాను."

"అన్నయ్యా, నువ్వింటికెళ్ళు," అన్నాడు భర్త. "ఏమందో మా ఆవిడ నాకు చెప్తుంది."

ఇన్నాళ్ళకి మాటొచ్చింది మహానుభావుడికి! ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆయన్ని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు వింటున్నా సరే గొంతు తగ్గించకుండా, మొదటినుంచీ చెప్పసాగింది.