నాగాంబ ఎక్కిన మెట్లు

శిలాపురంలో పెద్దలంటే మహా గౌరవం. జుట్టు నెరిసిన వాళ్ల కాలు నేలకు తగలనిచ్చేవారు కాదు. లేవబోతే ఇద్దరొచ్చి రెక్కలు పట్టుకునేవారు, నడవబోతే పల్లకీ వచ్చేది. ఇంత సేవ చేస్తున్నా అక్కడి ముసలివాళ్లందరూ నిలబడితే చాలు తూలిపోయేవారు. ఏదో శాపం తగిలిందని జనం గట్టిగా నమ్మారు. అంతకంటే ఎక్కువ ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు మరి.

రాణి నాగాంబ పరిస్థితీ అదే. ఏటా విజయదశమినాడు ఏలిక ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి సింహాసనం మీద కూర్చోవాలి. ఎక్కలేకపోతే రాజ్యం సేనాపతి వక్రసేనుడి చేతికి పోతుంది. వాడి క్రూరత్వం తెలిసిన జనానికి అన్నం సహించడం లేదు.

"ఈ ఏడు నా వల్ల కాదే తల్లీ" అని నాగాంబ కంటతడి పెడితే, మనుమరాలు వకుళకు ఏం చేయాలో తోచేది కాదు. శాపం కాకులకొండ రాక్షసిదేనని ఎవరో అనగానే కత్తి పట్టుకుని అడవిలోకి బయలుదేరింది.

కొండ దగ్గర రాక్షసి ఆమెను ఆపి, తను చెప్పినవి చేస్తేనే మాట వింటానని, లోయ మీది దుంగపై అడుగుకు అడుగు ఆనించి దాటమంది. వాగు నడుమ బండ మీద ఒంటికాలిపై నిలబడమంది. గుహలో పీట మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది, కూర్చోమంది, మళ్లీ లేవమంది. వకుళ అన్నీ చేసింది.

"ఇక మా నాయనమ్మ శాపం తీసెయ్."

"నేను పెడితేగా తీయడానికి?" అంది రాక్షసి. "మీ ముత్తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నాను. రోజూ ఇవే చేస్తాను, అందుకే ఇంకా కొండలెక్కుతున్నాను. మీరు మోసి మోసి ఆవిడ కాళ్లకు పని లేకుండా చేశారు. గోడ పక్కన నేల మీదే ఇవన్నీ మెల్లగా చేయించు. నువ్వు దగ్గరే ఉండు, నిజంగా పడిపోతుంటే తప్ప ముట్టుకోకు."

ఆ మాట వినడం తేలిక, పాటించడమే నరకం. నాగాంబ పీట మీంచి లేవలేక వణికిపోయేది. "చూస్తూ నిలబడ్డావేమే, కాస్త పట్టుకో" అని బతిమాలేది.

"గోడ పట్టుకో నాయనమ్మా" అనేది వకుళ. తరువాత చాటుకు వెళ్లి ఏడ్చేది. ఎంతో ప్రేమించే మనిషి అల్లాడుతుంటే చేతులు కట్టుకుని ఉండడం కంటే రాక్షసితో యుద్ధమే నయమనిపించేది. కొన్ని నెలలకు నాగాంబ గోడ వదిలి నాలుగడుగులు వేసింది. మరికొన్నాళ్లకు గడప దాటింది. అయినా మెట్లంటే భయం పోలేదు.

విజయదశమి వచ్చింది. నాగాంబ ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పై మెట్టు మీద ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. వక్రసేనుడు నవ్వాడు. సభంతా చేతులు చాచింది.

"ఎవరూ పట్టుకోకండి" అంది వకుళ.

నాగాంబ కాలు కాస్త ఎడంగా వేసి, నిలదొక్కుకుని, వెళ్లి సింహాసనం మీద కూర్చుంది. వక్రసేనుడు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే శిలాపురం పల్లకీలన్నీ మూలపడ్డాయి, ముసలివాళ్లు గోడలు పట్టుకుని మెల్లగా నడక నేర్చుకోవడం మొదలుపెట్టారు. కానీ అంతకు ముందు నాగాంబ మనుమరాలిని దగ్గరకు పిలిచింది. ఆ పిల్ల పిడికిళ్లు ఎంత గట్టిగా బిగించుకుందంటే వేళ్లు విడి రాలేదు. నాయనమ్మే వాటిని ఒక్కొక్కటిగా విప్పి, "ఇప్పుడు పట్టుకో" అంది.