ఏడు నిమిషాల చీకటి

టెహ్రాన్‌లోని ఆ నేలమాళిగ నాటకశాలకి తనిఖీ వాళ్లు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. ముగ్గురూ ముందు వరుసలో కూర్చుని, పంచదార ముక్క పంటి కింద పెట్టుకుని తీరిగ్గా టీ తాగారు. వాళ్లు సంతకం పెడితేనే టిక్కెట్లు అమ్మాలి. దర్శకురాలు మాహ్‌రుఖ్ గత రెండు నాటకాలకీ వాళ్లు పెట్టలేదు. ఇదీ పోతే ఇక జన్మలో ఆమెకి వేదిక ఎవరూ ఇవ్వరు.

అందుకే చాలామంది చేసే పనే ఆమె కూడా చేసింది. తనిఖీకి ఒక నాటకం, జనానికి ఇంకొకటి. ఎవరూ చూడనప్పుడు మనిషి మనిషేనా అని అడిగే నాటకం అది. నడుమ ఏడు నిమిషాలు హాలంతా చీకటి. అందులో ఒకే ఒక్క నటుడు నౌజర్ గొంతు వినపడాలి. జనానికైతే "చూసేవాడు ఎవడూ లేడు, భయపడకు" అంటాడు. తనిఖీ రోజు మాత్రం "చూసేవాడున్నాడు, భయపడు." ఆ అసలు మాట వాళ్లిద్దరికీ తప్ప మూడోవాడికి తెలీదు. ఇరవై ఏళ్ల స్నేహం మరి.

"నోరు జారావో, చంపేస్తా," అంది తెర వెనక.

"రిహార్సల్లో రోజూ చంపుతూనే ఉన్నావుగా, ఖానుం!" 'అమ్మగారూ' అన్నట్టు సాగదీసి నవ్వాడే గానీ నౌజర్ ఆమె మొహంలోకి చూడలేదు.

ఆమె వెనక వరుసలో మీట దగ్గర కూర్చుని దీపాలార్పింది.

చీకటి. తడి సున్నం వాసన. పైన వీధిలో మోటారు సైకిలు పోయిన చప్పుడు... తర్వాత అదీ లేదు. నౌజర్ మాట రావాలి. రాలేదు. ఒక నిమిషం... రెండు... వేదిక మీద ఎవరో పెనుగులాడుతున్నట్టు చెక్కలు కిర్రుమన్నాయి. ముక్కుతో బలంగా పీల్చిన ఊపిరి.

అప్పుడు వినిపించింది. నెమ్మదిగా... ఆడగొంతు.

"చూసేవాడు ఎవడూ లేడు... భయపడకు."

మాహ్‌రుఖ్ గబుక్కున మీట నొక్కింది. వేదిక మీద నౌజర్ ఒక్కడే, మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు.

తనిఖీ పెద్దాయన ఫైలు మూసి లేచాడు. "ఈ మాట ఉంటుందని మొన్ననే ఉత్తరం వచ్చింది, ఖానుం. గిట్టనివాళ్ల రాత అనుకున్నాం. మీరు పలక్కుండా ఉంటే ఇవాళ సంతకం పెట్టేవాళ్లం."

"నేను పలకలేదండీ!"

"మీ గొంతు మాకు తెలీదా?"

ముగ్గురూ మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆమె ఒక్క ఉదుటున వెళ్లి నౌజర్ కాలరు పట్టుకుంది. "ఉత్తరం నువ్వే రాశావు కదూ?"

"మా అమ్మాయి పాస్‌పోర్టు ఆపేశారు, మాహ్‌రుఖ్... ఏం చెయ్యను?"

"ఇరవై ఏళ్లు నిన్ను నమ్మాను కదరా!" ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "రాసింది చాలక చీకట్లోకి ఎవర్ని దింపావు?"

"ఎవర్నీ దింపలేదు. చేసిన తప్పుకి ఇవాళైనా నీ నాటకం కాపాడదామని, తనిఖీ మాటే చెప్పబోయా... నువ్వు చెప్పనిచ్చావా? నా నోరు నొక్కేశావు. ఊపిరాడక కొరికాను."

"పిచ్చా నీకు? నేను మీట దగ్గర్నించి కదల్లేదు!"

నౌజర్ ఆమె కుడిచేతి వంక చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు.

ఆమె కూడా చూసుకుంది. అరచేతిలో పళ్లగాట్లు. రక్తం ఇంకా కారుతూనే ఉంది... నొప్పి మాత్రం లేదు.