బోడికొండ సొరంగంలో మిస్ రీటా

“అవసరమైతే మిస్ రీటాను కాల్చగలవా, సి-ఫోర్?”

మదనపల్లెలో ఓ కుట్టుమిషన్ల రిపేరు షాపు వెనక గదిలో, కాఫీలో చక్కెర కలుపుకుంటూ అడిగాడు చీఫ్ లక్ష్మీపతి. ఏజెంట్ సి-ఫోర్ తన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. అతని అసలు పేరు చెంగల్రాయుడు. మిస్ రీటా అసలు పేరు రత్నమ్మ. పుంగనూరు పిల్ల. అతని పెళ్లాం.

“డబుల్ ఏజెంట్‌గా ఆమెను వాల్టర్ ముఠాలోకి పంపింది మనమే. ఈ మధ్య రిపోర్టులు రావడం లేదు. మన రాడార్ ప్లాన్ల మైక్రోఫిల్మ్‌తో వాల్టర్ రేపు పడవలో బోడికొండ కాలువ సొరంగం దాటుతున్నాడు. అవతల కారు. కుప్పంలో రైలు. విదేశీ అతిథి, ఆధారం లేకుండా ముట్టుకోలేం. సొరంగం మధ్యలో గాలి కోసం పైనుంచి తవ్విన గాలిబావి కిందికి పడవ రాగానే, ముందే అనుకున్నట్టు రీటా ‘గబ్బిలం’ అనాలి. అంటే ఫిల్మ్ వాడి దగ్గరే ఉన్నట్టు. అనకపోతే...”

“అటు వైపు మారిపోయినట్టు,” అన్నాడు చెంగల్రాయుడు.

“అప్పుడు ఇద్దరినీ వదలకు.”

అది 1981. పుంగనూరు అవతల, దొరల కాలంలో రాళ్లు మోయడానికి తవ్వించిన కాలువ ఆ కొండ కింద దూరిపోతుంది. లోపల సన్నటి పడవ ఒక్కటే పడుతుంది. తెడ్డు వెయ్యడానికి జాగా లేదు, నడవడానికి గట్టు లేదు. అందుకే పడవ లాగే ఎద్దుల్ని విప్పి కొండ మీదుగా తోలుకుపోతారు. పడవ ముందు భాగంలో అడ్డంగా వేసిన పలక మీద ఇద్దరు మనుషులు వెల్లకిలా పడుకుని, చెరో గోడ మీద అడుగులు వేస్తూ పడవను నడిపిస్తారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఒళ్లంతా మసి పూసుకుని, పెట్టుడు మీసంతో, మొలలో పిస్టల్‌తో చెంగల్రాయుడు ఎడమ గోడ మీద నడుస్తున్నాడు. కుడి గోడ మీద వెంకటముని, అసలైన పడవవాడు. వెనక టమోటా గంపల మధ్య వాల్టర్, రీటా. పాత సొరంగాల ఫొటోలు తీసుకునే టూరిస్టు వేషం వాల్టర్‌ది. మెడలో కెమెరా.

చెంగల్రాయుడికి కడుపు మండిపోతోంది. దేశం గురించి కాదు, రీటా వేషం చూసి. స్లీవ్‌లెస్ జాకెట్టూ, కూలింగ్ గ్లాసూ, ముక్కు అదిరే ఫారిన్ సెంటూ! తను తెచ్చిన సెంటు సీసా మూత కూడా తియ్యని మనిషి. పైగా చలిగా ఉందంటూ వాల్టర్ తన కోటు ఆమె మీద కప్పాడు. తల వెనక్కి వాల్చి లాంతరు వెలుగులో తలకిందులుగా చూశాడు చెంగల్రాయుడు. వాడి చెయ్యి ఆ కోటు కిందే ఉంది.

“మెల్లగప్పా,” అన్నాడు వెంకటముని. “నీ పక్కే గట్టిగా తంతాండావు. ఇద్దరి కాళ్లూ ఒకటిగా పడకపోతే పడవ అడ్డం తిరుగుతాది.”

“తెలుసులేప్పా.”

“తెలిస్తే యాల తంతాండావు?”

గాలిబావి వచ్చింది. పైనుంచి గుండ్రంగా ఎండ పడింది. చెంగల్రాయుడు చెవులు రిక్కించాడు. అనవే, ఒక్క మాట అనవే అని మనసులోనే బతిమాలుకున్నాడు.

రీటా అనలేదు. వాల్టర్ ఆమె చెవిలో ఏదో గొణిగాడు. ఆమె నవ్వింది. సొరంగమంతా మోగేటట్టు, తెరలు తెరలుగా నవ్వింది. ఇన్నేళ్ల కాపురంలో అతనితో ఒక్కసారైనా అలా నవ్వలేదు.

చెయ్యి పిస్టల్ మీదికి పోవాలి. పోలేదు. ఒళ్లు తెలియని ఉక్రోషంతో రెండు కాళ్లూ ఎత్తి గోడను ఒక్క తన్ను తన్నాడు.

పడవ అడ్డం తిరిగి ముక్కు కుడి గోడకు గుద్దుకుంది. గంపలు బోర్లాపడ్డాయి. కోటు కింద నుంచి పిస్టల్ పేలింది. గుండు కప్పుకు తగిలి రాతిముక్కలు రాలాయి. వాల్టర్ కాలువలోకి జారుతూ, మెడలోని కెమెరా తెంపి నీళ్లలోకి విసిరాడు. నీళ్లకు జానెడు పైన దాని పట్టీ రత్నమ్మ వేలికి చిక్కింది.

“గబ్బిలం,” అంది ఆమె, ఆయాసపడుతూ.

నీళ్లలోంచి లాగిన వాల్టర్‌ను సొరంగం అవతలి మొగ దగ్గర జీపెక్కించాక, అక్కడే కాచుకుని ఉన్న చీఫ్ చెంగల్రాయుడి భుజం తట్టాడు.

“వాడికి ఆమె మీద అనుమానం వచ్చేసింది. కోటు కింద పిస్టల్ పక్కటెముకలకు ఆనించి, పడవవాళ్లకు ఏమీ తెలియకూడదు, నవ్వమన్నాడట. వెలుగు దాటగానే కాల్చేవాడు. నువ్వు తన్నావు కాబట్టి బతికింది.”

చెంగల్రాయుడు మొల తడుముకున్నాడు. తన చెయ్యి తన పిస్టల్ మీదికి పోయుంటే? ఆమె వైపు చూడలేక మీసం పీక్కున్నాడు.

“ఇంతకీ కోటు కింద ఉన్న పిస్టల్ ఎలా చూశావయ్యా, సి-ఫోర్?”

ట్రైనింగ్ గురించి ఏదో చెప్పబోయాడు చెంగల్రాయుడు.

“ఈయప్ప పిస్టల్ యాడ సూసినాడు సార్,” అంది రత్నమ్మ, చెంగు పిండుకుంటూ. “నా నవ్వు ఇన్నాడు, అంతే.”