నాగయ్య ఇంట కరువు ఫోటో

"నవ్వొద్దు!" అన్నాడు మాల్యాద్రి, కెమెరా మీంచి తలెత్తి.

"నవ్వకుంటే ఏం చేయాల?" అంది కొండమ్మ.

"ఏడవాల. కరువు కదా!"

"ఎవురు సచ్చినారని ఏడ్చేది?" అని ఆ పిల్ల మళ్లీ పకపకా నవ్వింది. మాల్యాద్రి చెయ్యి వణికి ఇంకో ఫిలిం వృథా అయింది. వణికింది కోపంతోనే అని అతను గట్టిగా నమ్మాడు.

బేస్తవారిపేట దగ్గర చిన్న పల్లె అది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదేళ్లు కావస్తోంది. ఆ సంగతి వానకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రజల కథలు ఫోటోల్లో చెప్పగల కుర్రాడు కావాలనీ, కరువు మీద మంచి ఫోటో పంపితే ఉద్యోగం ఇస్తామనీ మద్రాసు వారపత్రిక ఎడిటరు కబురు పెట్టాడు. మార్కాపురం స్టూడియోలో పెళ్లి జంటలను గడ్డం పైకెత్తమని బతిమాలుకునే మాల్యాద్రి ఎగిరి గంతేశాడు. తాత గొర్రెలు కాసినవాడే. మనవడు ఎస్సెల్సీ చదివి ప్యాంటు తొడిగాడు కాబట్టి పేదల బాధ తనకు తెలిసినంతగా పేదలకు కూడా తెలియదనుకున్నాడు.

తీరా వస్తే బాధ దొరకలేదు. కొండమ్మ నాయన నాగయ్య కెమెరాను చూడగానే కొత్త తలపాగా చుట్టుకొచ్చాడు. నాయనమ్మ గురమ్మ కడియాలు చింతపండుతో తోమించుకుంది.

"నేచురల్‌గా ఉండండి మామా!"

"ఇంటికొచ్చిన మనిషి ముందర పీలికలు కట్టుకొని నిలబడతారా ఎవురన్నా?" అన్నాడు నాగయ్య.

సాయంత్రం పెరట్లో కొండమ్మ ఎండుమిరపకాయలు దంచుతోంది. ఘాటుకు కళ్లు ఎర్రబడి, నీళ్లు బుగ్గల మీదికి జారుతున్నాయి. మాల్యాద్రి చప్పుడు చేయకుండా పోయి క్లిక్‌మనిపించాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కళాకారుడి గుండె కదిలిందనుకున్నాడు పాపం.

ఫోటో సగం పేజీ వేశారు. కింద మాల్యాద్రి స్వయంగా రాసి పంపిన మాట: 'మెతుకు లేని ఇంట మౌనరోదన'. ఉద్యోగం ఖాయమన్నారు. పత్రిక చంకన పెట్టుకుని మొదటి బస్సెక్కాడు. నిజం చెప్పాలంటే ఉద్యోగం కన్నా, అది చూసి కొండమ్మ ఎట్లా చూస్తుందోనన్న ఆత్రమే ఎక్కువ.

నాగయ్య వాకిలి నిండా ఆ ఫోటో చూసి వచ్చిన చుట్టాలు. దర్శి నుంచి కొండమ్మ మేనత్త పోలమ్మ జొన్నల మూట మోసుకొచ్చింది. గిద్దలూరు నుంచి ఒకాయన మేకను తోలుకొచ్చాడు, మందకు మంద ఉన్న నాగయ్యకు! నాగయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"వచ్చినావా?" అంది కొండమ్మ. ఈసారి నవ్వలేదు.

"కన్నీళ్లు నిజమే కదా..." అని నసిగాడు మాల్యాద్రి.

"కన్నీళ్లు నావే. ఏడుపు నువ్వు రాసింది. మా నాయనది పదిమందికి పెట్టిన చెయ్యి. ఈ పొద్దు ఆ చేతిలో మూటలు పెడతాండారు. మా కథ చెప్పనీకి వచ్చినోడివి, మమ్మల్ని ఒక్క మాటన్నా అడిగినావా?"

మాల్యాద్రికి తల కొట్టేసినట్టయింది. చుట్టాల మధ్య నిలబడి, "అది మిరపకాయల ఘాటు! కరువు ఏడుపని రాసింది నేనే, తప్పు నాదే!" అని అరిచాడు.

"ఊరుకో నాయనా," అని పోలమ్మ ఓదార్చింది. "పేపర్లో పడినాక అబద్ధమెట్లయితది? వాళ్ల పరువు కోసరం చెప్తాండావు."

నాగయ్య లేచాడు. దొడ్లోకి పోయి పొట్టేలును తెచ్చాడు. "నా గడప తొక్కినోళ్లు తినకుండా పోయేది లేదు," అన్నాడు. మధ్యాహ్నానికి కరువును పరామర్శించడానికి వచ్చినవాళ్లంతా విస్తళ్ల ముందు చెమటలు కక్కుతూ తింటున్నారు. తెచ్చిన మూటలు వెనక గోడకు ఆనుకుని, విప్పకుండా అట్లాగే ఉన్నాయి. నాగయ్య తలపాగా చుట్టుకుని వడ్డిస్తున్నాడు.

"మామా, తీయనా?" అని అడిగాడు మాల్యాద్రి.

"మళ్లా ఏం రాస్తావో!"

"కొండమ్మ ఏం చెప్తే అది."

కొండమ్మ తండ్రి వైపు చూసి చెప్పింది. "కరువు చూడవచ్చిన చుట్టాలకు నాగయ్య ఇంట భోజనం. అంతే రాయి."

కరువులో మాంసం తింటుంటే పాఠకులు నమ్మరని ఎడిటరు ఆ ఫోటో తిప్పి పంపాడు. ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తలేదు. మాల్యాద్రి సంత రోజు స్టూడియో అద్దాల బీరువాలో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాడు. మొదటిదాని కింద పెద్ద అక్షరాలతో, 'ఇది మిరపకాయల ఘాటు. కరువు ఏడుపని అబద్ధం రాసింది నేను, మాల్యాద్రి' అని అతికించాడు. యజమాని నాగభూషణరావు గారు తల బాదుకున్నారు. మార్కాపురం అంతా విరగబడి నవ్వింది.

సంతకు వచ్చిన నాగయ్య కుటుంబం బీరువా ముందు ఆగింది. నలుగురూ దారిచ్చి, "వడ్డించేది నాగయ్యన్నే!" అనుకోవడం నాగయ్యకు వినిపించింది. భోజనాల ఫోటోను చాలాసేపు చూసి, తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు.

"అందరూ తింటాండారు. నువ్వు ఏడ?"

"నేను తీస్తున్నా కదా మామా."

"అంటే ఆ పొద్దు నా ఇంట్లో తినకుండా పోయింది నువ్వొక్కడివే," అన్నాడు నాగయ్య కటువుగా. "రేపు రా."

మాల్యాద్రి ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అన్నానికి కాదు మామా. కొండమ్మను నాకిమ్మని అడగనీకి వస్తా. మద్రాసు ఉద్యోగం పోయింది. ఊరు నవ్వుతాంది. కొండమ్మంటే నాకు ప్రాణం."

నాగయ్య తల్లి వైపు చూశాడు.

"మా ఇంట్లో ఏదడిగినా తిన్నంకనే అడగాల," అంది గురమ్మ.

కొండమ్మ అద్దం వైపు తిరిగి నిలబడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"తిన్నోనికి లేదనేది మా ఇంటా వంటా లేదులే," అంది కొండమ్మ.