కంట్లో లైటు కొట్టని కెమెరా

"ఆ ఫొటోల పెట్టె ఇంట్లోకొస్తే నేనీడ ఉండను" అనేసింది ఈరక్క, ఐదు నెలల మనవరాలిని కొంగులో దాచుకుని.

అంత మాట పడాల్సిన తప్పు కొడుకు జయచంద్ర ఏం చేశాడని? హిందూపురం మిల్లులో బోనసు ఇచ్చారు, పాపకు ఫొటోలు తీసుకోవడానికి చిన్న డిజిటల్ కెమెరా కొందామన్నాడు, అంతే! ఏడాది నిండని బిడ్డకు ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఈరక్క నమ్మకం. పెనుకొండలోని ఆ ఇంట్లో ఈ ఒక్క విషయంలో ఆమె మాటకు ఎదురులేదు. ఎప్పుడూ నోరెత్తని కోడలు రేఖ మాత్రం ఆ రోజు ఆగలేకపోయింది. మూడేళ్ల కిందట ఆమె మొదటి బిడ్డ గంగ పదకొండో నెలలో జ్వరమొచ్చి పోయింది. ఏడాది నిండలేదు కాబట్టి ఒక్క ఫొటో అయినా లేదు!

"గంగకు పుట్టుమచ్చ ఏ చెంపకుండేదో నాకు గుర్తుకొస్తా లేదత్తా. కన్నతల్లిని... నాకే గుర్తు లేదు."

గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది రేఖ. ఎంతటి కడుపుకోత అది! బిడ్డ పోవడం ఒక ఎత్తు, ఆ బిడ్డ ముఖం కూడా రోజురోజుకూ మనసులోంచి చెరిగిపోవడం ఇంకో ఎత్తు... అత్త తిట్టిపోస్తుందనే అనుకుంది. కానీ ఈరక్క పాపను కోడలి ఒళ్లో పెట్టి, పక్కనే చతికిలబడి, ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. జయచంద్ర కంటే ముందు ఆమెకో కొడుకు పుట్టాడట. ముచ్చటపడి ధర్మవరంలో స్టూడియోకు ఎత్తుకెళ్లిందట. లైటు భగ్గుమనగానే పసివాడు అదిరిపడి ఏడ్చాడు. తొమ్మిది రోజులు తిరక్కుండానే జ్వరంతో కన్నుమూశాడు.

"ఫొటో కావాలని ఎత్తుకపోయింది నేనే గదమ్మా. నా చేతులారా సంపుకుంటినని ఇన్నేండ్లూ ఏడుస్తాండా."

అయ్యో, ఇన్నాళ్లూ అది అత్త మొండితనమనే అనుకుంది రేఖ! బిడ్డను తీసుకుపోయింది జ్వరమే గానీ లైటు కాదని ఎంతో నచ్చజెప్పింది. చివరికి అత్తను ఇంకా బాధపెట్టలేక రేఖే కెమెరా వద్దే వద్దంది. తెల్లారాక చూస్తే ఈరక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, హిందూపురం బస్సెక్కడానికి అందరికంటే ముందు తయారై కూర్చుంది!

అంగడి సంజీవప్ప మెగాపిక్సెళ్లంటాడు, జూమంటాడు, వాటితో ఈరక్కకేం పని? జయచంద్ర కళ్లేమో పెద్ద జూమున్న వెండిరంగు కెమెరా మీదే ఉన్నాయి. ఆమె అడిగింది ఒకటే ప్రశ్న, లైటు కొట్టకుండా ఫొటో వస్తుందా అని. వెండిరంగుదానికి లైటు ఆపినా, కెమెరా తెరిచినప్పుడల్లా మళ్లీ తనంతట తానే వెలుగుతుందట. పక్కనున్న నల్లటి చిన్నదానికి ఒకసారి మీట నొక్కి ఆపేస్తే, మళ్లీ మనం నొక్కేదాకా వెలగదట. కాకపోతే దానికి జూమ్ తక్కువ, చీకటి గదిలో ఫొటో సరిగా రాదు, ఆరుబయట తీసుకోవాలన్నాడు.

"వాకిట్లోనే తీసుకుంటాం లేప్పా. ఇదే ఇయ్యి" అని ఈరక్క కోడలి వైపు తిరిగింది. "ముందు నన్ను తీయి రేఖా. ఆయుష్షు తినేదే అయితే ముందు నాది తిననీ."

సంజీవప్ప లైటు ఆపేసి కెమెరాను రేఖ చేతికిచ్చాడు. ఒకటి కాదు, ఐదు ఫొటోలు తీయించుకుంది ఆ పెద్దమనిషి, పళ్లబిగువున నిలబడి! ఇంత ప్రేమనా తను ఇన్నాళ్లూ తప్పుపట్టింది... రేఖకు కన్నీళ్లు ఆగలేదు. అప్పుడు ఈరక్క పాపను ఎత్తుకుని అంగడి గడప దాటి ఎండలోకి వచ్చింది. తీయమన్నట్టు తల ఊపింది. రేఖ మీట నొక్కింది. లైటు వెలగలేదు, పాప బెదరలేదు, అవ్వ చెవికమ్మ పట్టుకుని లాగుతూ ఉండిపోయింది. కెమెరా వెనకాల బొమ్మ కనబడగానే ఈరక్క దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది, చాలాసేపు. ఏమంటుందోనని రేఖ అత్త ముఖంలోకే చూసింది.

"పాప మొగం సగమే పడింది" అంది ఈరక్క. "నిండుగా పడేదాకా తీయి రేఖా."